లాకు తాళం కాదు

ఇంటికి వేసేది తాళం, కాలువకు ఉండేది లాకు. కృష్ణా డెల్టాలో ఈ రెండు మాటలకూ ఎన్నడూ పేచీ రాలేదు. దుగ్గిరాల లాకుల దగ్గర దిగుతాననో, యనమలకుదురు లాకుల దాకా రమ్మనో చెప్పే మనిషికి తాళం సంగతి తట్టనే తట్టదు.

ఇంగ్లీషులో మాత్రం అది నానా వేషాల మాట. తలుపు తాళం అదే, పాత తుపాకీలో మందు అంటించే మర అదే, కుస్తీలో ఊపిరాడనివ్వని పట్టూ అదే. జుట్టు పాయనూ అలాగే అంటారు గానీ దాని పుట్టుక వేరు. లాకప్పు, లాకౌటు, లాకరు, చివరికి 2020లో లాక్‌డౌన్ మనకూ వచ్చాయి. అయినా పల్లె నోట మన మాటే అన్నంతగా నలిగింది మాత్రం కాలువ లాకే. దాన్ని బహువచనంలో అనడం కూడా మన అలవాటే.

1832-33 నందన కరువు గుంటూరు సీమను ఊడ్చేశాక కూడా కంపెనీవారు ఇరవై ఏళ్లు తాత్సారం చేశారు. బెజవాడ దగ్గర ఆనకట్ట పని 1852లో మొదలై 1855కి ముగిసింది. కెప్టెన్ చార్లెస్ ఆర్ దగ్గరుండి కట్టించాడు. వెనక ఉన్న ఆలోచన ఆర్థర్ కాటన్‌ది. ఆయనకు కాలువ అంటే పొలానికి నీళ్లు మాత్రమే కాదు, సరుకు నడిచే బాట కూడా. రైలు కంటే పడవ చవక అని జీవితాంతం వాదించాడు. అందుకే నది నుంచి కాలువలు బయల్దేరే చోట, అటు సీతానగరం వైపు, ఇటు బెజవాడ వైపు, తూములతో పాటు లాకులూ కట్టారు.

కాలువ సముద్రం వైపు మెట్లు మెట్లుగా దిగుతుంది. ఒక్కో మెట్టు దగ్గరా నీటిమట్టం తేడా. పడవ అక్కడ దూకలేదు కదా! రెండు జతల తలుపుల మధ్య ఇరుకు గది. పడవ లోపలికి రాగానే పై తలుపులు మూసి, కింది తూములు వదులుతారు. గదిలో నీళ్లు దిగుతుంటే పడవా దిగుతుంది. రెండు వైపులా నీళ్లు సమానమయ్యాకే కింది తలుపులు తెరుచుకుంటాయి. తలుపులు ఎగువకు మొన తిరిగి కలుసుకుంటాయి కాబట్టి నీటి ఒత్తిడే వాటిని బిగించి ఉంచుతుంది. వేరే గడియ అక్కర్లేదు. గదిలో నీళ్లతో పడవను దించే ఈ కిటుకు తెల్లవాడిదేనని అనుకోకూడదు. క్రీ.శ. 984లోనే చైనాలో చియావో వెయ్‌యువె అనే అధికారి ఇలాంటి రెండు గేట్ల గదిని కట్టించాడు.

కాలువల మీద నీళ్లు చూసే ఉద్యోగి లస్కరు. ఆ మాట కథ ఇంకా విడ్డూరం. పారసీలో సైన్యం. ఇంగ్లీషువాళ్ల ఓడలెక్కి కళాసీ. మన ఇరిగేషన్ శాఖలో కాలువ గట్టున తిరిగే చిరుద్యోగి. సిపాయి ఎక్కడ, గేటు తిప్పే మనిషి ఎక్కడ!

1876-78 ధాత కరువులో కూలి పనుల కింద బకింగ్‌హాం కాలువను పొడిగించాక, కొమ్మమూరు కాలువ మీదుగా పెదగంజాం చేరి అక్కణ్నుంచి మద్రాసు దాకా పడవ మీదే పోయే వీలు కలిగింది. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టున నడుస్తూ తాడు లాగే మనుషులు. కాటన్ దురదృష్టం, రైలు ఎంతో ఆలస్యం చేయలేదు. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన వచ్చింది. ఆనకట్ట 1952లో తెగింది. దాని స్థానంలో 1957 నాటికి లేచిన ప్రకాశం బ్యారేజీకి డెబ్బై గేట్లు, పైన రోడ్డు. లారీ ఆ రోడ్డెక్కాక పడవకు పనే లేకపోయింది.

2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న ఈ కాలువలను, గోదావరి, కృష్ణల్లో కొంత మేరతో కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. కాగితం మీద అది ఘనమైన దారే. అయితే కాలువల మీద రోడ్ల కోసం కట్టిన వంతెనలు చాలాచోట్ల నీటికి మరీ దగ్గరగా ఉన్నాయి. లాకులు బాగుచేసినా సరుకు పడవ పోవాలంటే ముందు ఆ వంతెనలను ఎత్తాలి.