బాయి మీద మైకు వంతు

గోదావరిఖనిలో మొదటి షిఫ్టు పొద్దున ఏడింటికి. గేటు మీటింగ్ పెట్టే నాయకుడు ఆరున్నరకు మైకు అందుకుని సైరన్ కూసేలోపు దించాలి. నడుముకు బ్యాటరీ, టోపీకి లైటు బిగించుకుని నిలబడ్డ మనిషి అంతకు మించి వినడు. ఒక సంఘమే ఉంటే ఇది చాలు. తొంభైల మొదట్లో ఒకే బొగ్గు బాయి మీద ఐదారు సంఘాల జెండాలు ఎగిరేవి. ఒకాయన దిగగానే ఇంకొకాయన ఎక్కేవాడు. మస్టర్ కిటికీ వెనక గుమాస్తాగా కూర్చుని ఆ ఉపన్యాసాలన్నీ విన్నవాణ్ణి నేను. ఎవరేం చెప్పారో చాలామటుకు మరిచిపోయాను. కిటికీ చువ్వలు పట్టుకుని ఒక కోల్ ఫిల్లర్ అడిగిన మాట మాత్రం గుర్తుంది: “మీటింగ్ అయిందాక ఆగుమంటున్రు, లేటయితే నాగా పడ్తది. ఏం జెయ్యమంటవ్ సారూ?”

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. సింగరేణి బొగ్గు కంపెనీ దగ్గర కూడా చాలా కాలం లేదు.

ఇల్లందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైనప్పుడు గేటు ముందు మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. నిజాం రాజ్యంలో సభ జరపాలంటే సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అన్న ఫర్మానా సంగతి మా తాతల తరానికి బాగా తెలుసు. 1940లలో దేవూరి శేషగిరి, మఖ్దూం మొహియుద్దీన్ లాంటివాళ్లు కొత్తగూడెంలో కార్మిక సంఘం కట్టింది ఆ నిర్బంధంలోనే. శేషగిరి 1948లో ప్రాణమే పోగొట్టుకున్నాడు. మా రామగుండం వైపు బాయిలు తెరిచింది 1960 ప్రాంతంలో, నిజాం పోయాక. కాబట్టి మా గేట్ల ముందు మైకు మొదటి నుంచీ ఉంది. అది ఎవరి చేతిలో, ఎంతసేపు ఉండాలన్నదే తగువు.

ఢిల్లీలో అప్పటికే దీనికో కాగితం తయారైంది. 1958లో అమల్లోకి వచ్చిన క్రమశిక్షణా నియమావళి ప్రకారం, సంస్థలో సంఘాలు ఎన్ని ఉన్నా గుర్తింపు ఒక్కదానికే. సంఘం పుట్టి ఏడాదైనా కావాలి, సభ్యులు నూటికి పదిహేను మందైనా ఉండాలి, ఒకసారి గుర్తించాక రెండేళ్లు కదపకూడదు. గుర్తింపు దొరికిన సంఘానికి వచ్చే హక్కుల్లో నాకు నచ్చింది నోటీసు బోర్డు. కంపెనీ ఆవరణలో సొంత బోర్డు పెట్టుకోవచ్చు. మీటింగుల కబురు, జమాఖర్చులు అంటించవచ్చు. తిట్లు, బూతులు, రెచ్చగొట్టే రాతలు మాత్రం అంటించకూడదు. గుర్తింపు దొరకని సంఘం వాడికి బోర్డు లేదు, ప్రహరీ బయట గోడ ఉంది. అందుకే మా ఊళ్లో గోడలకు సున్నం కన్నా నినాదాలే ఎక్కువ పట్టాయి.

నియమావళి కాగితం మీద ఉండగానే కంపెనీలు ఇంకో దారి పట్టాయి. నోటీసు లేకుండా పదిమంది లేదా అంతకు మించి కలిసి పని మానేస్తే ఎనిమిది రోజుల జీతం దాకా కోయొచ్చని అప్పటి వేతనాల చట్టంలో ఒక సెక్షన్ ఉండేది. చీటికి మాటికి సమ్మెలు ఆపడానికి దాన్ని సింగరేణిలో బయటికి తీశారు. ఫలితం: 1981లో 56 రోజుల సమ్మె. ఒక పూట మానితే ఎనిమిది రోజులు పోయేటట్టయితే ఒక్క పూటతో ఎందుకు ఆపాలి అని కార్మికుడు లెక్క వేశాడు. నా గుమాస్తా బుర్రకు కూడా ఆ లెక్కలో తప్పు కనిపించలేదు. ఆ సమ్మె లోంచే సికాస (సింగరేణి కార్మిక సమాఖ్య) పుట్టింది. దానికి బోర్డూ లేదు, గుర్తింపూ లేదు. తెల్లారేసరికి ల్యాంప్ రూం గోడ మీద చేతిరాత పోస్టరు కనపడితే ఆ షిఫ్టు దిగేది కాదు.

తొంభైలలో సమ్మెలు ఏడాదికి వందల్లో నడిచాయి. బాయికో కారణం, ఒక్కోసారి షిఫ్టుకో కారణం. బొగ్గు టబ్బులు రాలేదని ఒక చోట, మైనింగ్ సర్దార్ దురుసుగా మాట్లాడాడని ఇంకో చోట. కంపెనీ 1992లో ఒకసారి, 1996లో ఇంకోసారి ఖాయిలా పరిశ్రమల బోర్డు బీఐఎఫ్ఆర్ గుమ్మం ఎక్కింది. మూతపడుతుందన్న మాట క్వార్టర్లలో ఆడవాళ్ల నోట కూడా వినపడ్డాక, నలభై ఏళ్ల నాటి నియమావళిని దుమ్ము దులిపి రహస్య ఓటింగ్ పెట్టారు. 1998లో, కేంద్ర కార్మిక శాఖ అధికారుల చేతుల మీదుగా, ఏఐటీయూసీ గెలిచింది. మొత్తం కంపెనీ మీద గెలిచింది గుర్తింపు సంఘం. ఒక్కో ఏరియాలో గెలిచింది ప్రాతినిధ్య సంఘం. యాజమాన్యంతో కూర్చుని మాట్లాడేది ఈ ఇద్దరే. మిగతావాళ్లు బయట ఎంతైనా మాట్లాడుకోవచ్చు.

సమ్మెలు తగ్గాయి. కంపెనీ లాభాల్లోకి వచ్చింది, లాభాల్లో వాటా మా చేతికీ అందింది. ఓట్ల వల్లనే ఇదంతా జరిగిందని అనను. ఓపెన్‌కాస్టులు, యంత్రాలు, మందిని తగ్గించడం కూడా అందులో ఉన్నాయి. అయినా ఆ కోల్ ఫిల్లర్ ప్రశ్నకు జవాబు దొరికిందని ఒప్పుకుంటాను. నాగా పడకుండా అతను దిగగలిగాడు.

నా పేచీ ఇంకోచోట ఉంది. నాయకుడు ఎన్నిసార్లు మాట్లాడాలన్నదానికి హద్దు పెట్టిన పద్ధతి, కార్మికుడు ఎన్నిసార్లు తీర్పు చెప్పాలన్నదాన్ని గాలికి వదిలేసింది. 1998, 2001, 2003: ఐదేళ్లలో మూడుసార్లు ఏఐటీయూసీ చుక్క, ఐఎన్‌టీయూసీ గడియారం గుర్తుల మధ్య ఓటేశాం. 2003లో ఐఎన్‌టీయూసీ గెలిచింది, మళ్లీ ఓటు 2007లో. అప్పుడు నెగ్గిన ఏఐటీయూసీ 2012 దాకా కూర్చుంది. తెలంగాణ ఉద్యమం, సకల జనుల సమ్మె ఊపులో 2012లో బాణం గుర్తు టీబీజీకేఎస్ (తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘం) వచ్చింది; 2017లో మళ్లీ అదే. ఆ తర్వాత ఓటు 2023లో. కాలపరిమితి రెండేళ్లా నాలుగేళ్లా అన్న రగడ 2017 తర్వాత బాగా ముదిరింది. గెలిచినవాళ్లు నాలుగంటారు, ఓడినవాళ్లు రెండంటారు. గెలుపోటములు మారితే వాదాలూ చేతులు మారతాయి. 2003 తర్వాత ఇరవై ఏళ్లలో మాకు దక్కిన వంతులు నాలుగు.

2023 ఎన్నిక కూడా అంత తేలిగ్గా రాలేదు. అక్టోబరు 28న అన్నారు. అసెంబ్లీ ఎన్నికలు అడ్డమొచ్చాయి, కోర్టు మెట్లెక్కారు, చివరికి డిసెంబరు 27న జరిగింది. బరిలో పదమూడు సంఘాలు. ఒకప్పుడు లక్ష దాటిన ఓటర్లు అప్పటికి నలభై వేల లోపు. నూటికి 94 మంది దాకా వచ్చి వేశారు. అసెంబ్లీకి ఇంత ఓటింగ్ మా ఊరు ఎప్పుడు చూసింది? ఆరేళ్లు నోరు కట్టుకుని కూర్చున్నవాళ్ల ఓటు అది.

1,999 ఓట్ల తేడాతో ఏఐటీయూసీ గుర్తింపు సంఘమైంది. కానీ పదకొండు ఏరియాల్లో ఆరు ఐఎన్‌టీయూసీవి. మా రామగుండం (ఆర్జీ)లోనే ఒకటి, రెండు ఏరియాలు చుక్క గుర్తువి, మూడోది గడియారానిది. ఆర్జీ-2 నుంచి ఆర్జీ-3కి బదిలీ అయినవాడు క్వార్టరు కురుస్తోందని చెప్పుకోవాలంటే కొత్త ఏరియాలో గడియారం వాళ్ల దగ్గరికి, కంపెనీ అంతటికీ వర్తించే పాలసీ సంగతైతే చుక్క వాళ్ల దగ్గరికి పోవాలి. ఇద్దరూ ఒకే బాయి మీద మీటింగ్ పెడితే మాత్రం ఇప్పటికీ ఏడింటికల్లా మైకు దించాల్సిందే.