కనురెప్ప నుంచి కళ్లె దాకా

వందేళ్ల కిందట న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ఐలాండ్‌లో ఓడ దిగినవాళ్లు ఎక్కువగా భయపడింది ఒక చిన్న ఇనుప కొక్కేనికి. బూట్ల గుండీలు పెట్టుకోవడానికి వాడే పనిముట్టు అది. డాక్టర్లు దాంతో పై కనురెప్పను తిరగేసి, లోపల గింజల్లాంటివి ఉన్నాయేమో చూసేవాళ్లు. ఉంటే ట్రకోమా అనే కంటి అంటురోగమని అనుమానం. కోటు మీద సుద్దముక్కతో ‘సీటీ’ అని రాసేవాళ్లు. ఆ అక్షరాలు పడ్డ మనిషిని వరసలోంచి పక్కకు తీసేవాళ్లు.

‘అసహ్యకరమైన లేదా ప్రమాదకరమైన అంటురోగం’ ఉన్నవాళ్లను రానివ్వకూడదని అమెరికా 1891లో చట్టం చేసింది. మరుసటి ఏడే ఎల్లిస్ ఐలాండ్ తెరుచుకుంది. ట్రకోమా 1897లో ఆ జాబితాకెక్కింది. అప్పటి వలసల తీరు మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు: మగవాడు ముందు వెళ్లి, నాలుగు డబ్బులు వెనకేసి, టికెట్లు పంపి భార్యాపిల్లలను రప్పించుకోవాలి. ఓడ దిగిన తల్లి కళ్లు బాగుండి పిల్లకు రోగం ఉంటే? ఈ చిక్కుకు 1903 చట్టం ఒక సందు వదిలింది. స్థిరపడి, పౌరసత్వం తీసుకుంటానని రాసిచ్చిన మనిషి భార్యకో పిల్లలకో ఓడలో అంటినట్టు తోచే రోగం బయటపడితే, అది సులువుగా నయమయ్యేదో కాదో తేలేదాకా తిప్పి పంపకూడదు. వినడానికి దయగానే ఉంది. కానీ సల్ఫా మందులు రావడానికి ఇంకా మూడు దశాబ్దాలుంది. తిరగేసిన రెప్పలకు మైలుతుత్తం రాయడమే వైద్యం, అదీ నెలల తరబడి.

అదే చట్టంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని మరో నిబంధన ఉంది. బయల్దేరేటప్పుడే కనిపెట్టగలిగిన రోగిని ఓడెక్కించినందుకు కంపెనీకి మనిషికి 100 డాలర్ల జరిమానా. దాంతో ఓడ కంపెనీలు యూరప్ రేవుల్లోనే సొంత డాక్టర్లను పెట్టుకున్నాయి. 1920ల నడుమ అమెరికా తన డాక్టర్లనే అక్కడి కాన్సులేట్లకు పంపింది. చేరిన రేవులో జరిగే వడపోత బయల్దేరే ఊరికి మారింది. ఈనాడు హైదరాబాద్‌లో వీసా మెడికల్ కోసం కూర్చునే వరస అలా మొదలైనదే.

పసిఫిక్ వైపు సంగతి ఇంకా ఘోరం. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఏంజెల్ ఐలాండ్‌లో 1910 నుంచి ఆసియావాళ్లను కడుపులోని కొంకి పురుగు (హుక్‌వార్మ్) పేరుతో ఆపారు. పంజాబ్ నుంచి వెళ్లిన మనవాళ్లు కూడా అందులో చిక్కుకున్నారు. దానికి అప్పటికే మందు ఉంది: థైమాల్, మన వాములో ఉండే పదార్థమే. పైగా ఆ పురుగు అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెల్లో ఎంతగా ఉండేదంటే, దాన్ని వదిలించడానికే రాక్‌ఫెల్లర్ 1909లో ప్రత్యేకంగా ఒక కమిషన్ పెట్టించాడు. ఇంట్లో ఉన్న పురుగుకు మందు, గుమ్మంలో ఉన్న పురుగుకు తలుపు!

ఈ రెండు నాలుకల ధోరణి పూర్తిగా బయటపడింది హెచ్‌ఐవీ వచ్చాక. 1987లో అమెరికా దాన్ని నిషేధ జాబితాలో చేర్చింది. 1989లో ఎయిడ్స్ సదస్సుకు బయల్దేరిన హన్స్ పాల్ వెర్హోఫ్ అనే డచ్ పౌరుడిని మినియాపొలిస్‌లో ఆపి నిర్బంధించారు. అతని సామానులో హెచ్‌ఐవీకి వాడే ఏజెడ్‌టీ మాత్రలు దొరికాయి, అదే ఆధారం. 1991లో ఆరోగ్య శాఖ ఈ నిషేధాన్ని ఎత్తేయబోతే గొడవైంది. 1993లో కాంగ్రెస్ దాన్ని ఏకంగా చట్టంలోనే రాసిపెట్టింది. బోస్టన్‌లో జరగాల్సిన 1992 ప్రపంచ ఎయిడ్స్ సదస్సు నిరసనగా ఆమ్‌స్టర్‌డామ్‌కు తరలిపోయింది.

కుటుంబానికి ఇక్కడా ఒక సందుండేది. అమెరికాలో పౌరుడిగానో గ్రీన్‌కార్డుతోనో ఉన్న భర్త, భార్య, తల్లి, తండ్రి, బిడ్డ ఎవరైనా ఉంటే మినహాయింపు అడుక్కునే వీలుండేది. పెళ్లికి చట్టం గుర్తింపు లేని స్వలింగ జంటలకు ఆ దారి ఉండేది కాదు. రోగం ఒకటే, బంధుత్వం కాగితం మీద ఉందా లేదా అన్నదే తేడా.

2003లో బుష్ ప్రభుత్వం ఆఫ్రికా తదితర దేశాలకు ఎయిడ్స్ మందులు అందించే పెప్‌ఫార్ పథకం మొదలుపెట్టింది. ఆ పథకం కింద ఆమోదం పొందిన చౌక మందుల్లో హైదరాబాద్‌కు చెందిన అరబిందో ఫార్మావి కూడా ఉన్నాయి. అంటే అప్పట్లో హైదరాబాద్ మాత్ర అమెరికా డబ్బుతో ఆఫ్రికా వెళ్లగలిగేది. ఆ మాత్రే వేసుకునే హైదరాబాదీ మాత్రం ప్రత్యేక మినహాయింపు లేకుండా అమెరికాలో కాపురానికి వెళ్లలేకపోయేవాడు. చివరికి 2008లో పెప్‌ఫార్‌ను పొడిగించిన చట్టమే ఆ నిషేధపు వాక్యాన్ని కొట్టేసింది. ఆరోగ్య శాఖ జాబితాలోంచి కూడా పేరు తీసేశాక, 2010 జనవరి 4న తలుపు తెరుచుకుంది. ప్రపంచ సదస్సు 2012లో వాషింగ్టన్‌కు తిరిగి వచ్చింది.

గల్ఫ్ దేశాలు అలా తెరవలేదు. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ ఇళ్లల్లో గల్ఫ్ వీసాకు ముందు చేసే ‘గామ్కా మెడికల్’ పరీక్ష అంటే ముసలమ్మలకు కూడా తెలుసు. ఇప్పుడు దాని పేరు వాఫిద్ అయినా జనం నోట పాత పేరే. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, టీబీ వీటిలో ఏది తేలినా కాగితం మీద ‘అన్‌ఫిట్’. ఎప్పుడో నయమైన టీబీ తాలూకు మచ్చ ఎక్స్‌రేలో కనబడ్డా అంతే. యూఏఈలో దిగాక హెపటైటిస్ బి పరీక్ష ఆయాలు, ఇంటిపనివాళ్లు, సెలూన్లలో పనిచేసేవాళ్లు వంటి కొందరికే. హెచ్‌ఐవీ, టీబీ పరీక్షలు మాత్రం భర్త స్పాన్సర్ చేసిన భార్యకూ తప్పవు. 2016లో అక్కడ కొంత సడలించారు: వీసా రెన్యువల్‌లో టీబీ బయటపడితే పంపించేయకుండా, షరతు మీద ఏడాది ఇచ్చి వైద్యం చేయిస్తారు. హెచ్‌ఐవీకి ఆ వెసులుబాటు లేదు.

హెపటైటిస్ బి కథలో మన ఊరి పేరు మళ్లీ వస్తుంది. దేశంలో తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ నుంచే వచ్చింది. అంతకు ముందు పుట్టి, కాన్పులో తల్లి నుంచి వైరస్ అంటినవాళ్లకు అది ఉపయోగపడదు. ఒంట్లో ఏ బాధా లేకుండానే గల్ఫ్ మెడికల్‌లో తొలిసారి ‘పాజిటివ్’ అన్న మాట విన్న యువకులు ఎందరో. అదే రిపోర్టుతో అమెరికా గ్రీన్‌కార్డుకు వెళ్తే అడ్డు లేదు. ఆ దేశానికి హెపటైటిస్ బి నిషేధ కారణం కానే కాదు. ఒకే వైరస్, రెండు విమానాశ్రయాలు.

ఆస్ట్రేలియా, కెనడా, న్యూజిలాండ్ వేరే దారి పట్టాయి. అక్కడ డాక్టరు పక్కన ఒక లెక్కల గుమాస్తా కూర్చున్నాడు. అంటుతుందా అన్నది ఒక ప్రశ్నయితే, ఈ మనిషి వైద్యానికి సర్కారుకు ఎంత అవుతుంది అన్నది ఇంకొకటి. ఆస్ట్రేలియాలో ఆ గీత 51,000 డాలర్ల దగ్గర ఉండేది. 2024 జులైలో 86,000కు జరిపారు. జీవితాంతం మందులు వాడాల్సిన హెచ్‌ఐవీ ఆ గీత దాటడం తేలికే. నైపుణ్య వీసాల్లో చాలావాటికి ‘ఇంట్లో ఒకరు ఫెయిలైతే అందరూ ఫెయిల్’. భార్యాభర్తల వీసాలో మాత్రం మినహాయింపు అడిగే వీలుంది. కెనడా 2002లోనే స్పాన్సర్ చేసిన భార్యను, భర్తను, పిల్లలను ఆ ఖర్చు లెక్కలోంచి తీసేసింది. న్యూజిలాండ్ 2021లో హెచ్‌ఐవీని ఖరీదైన జబ్బుల పట్టీ నుంచి తొలగించింది.

అన్ని తలుపుల దగ్గరా ఇంకా పాతుకుని ఉన్నది టీబీ. ప్రపంచంలోని టీబీ రోగుల్లో నాలుగో వంతు ఇండియాలోనే ఉన్నప్పుడు ఆశ్చర్యం లేదు. బ్రిటన్ ఒకప్పుడు హీత్రోలో దిగాక ఎక్స్‌రే తీసేది. 2012 నుంచి ఆ పని మన దగ్గరే పూర్తి చేయించుకుని రమ్మంటోంది. అమెరికా 2007 నుంచి కల్చర్ పరీక్ష పెట్టింది. కొడుకు పౌరుడై తల్లికి గ్రీన్‌కార్డు పెడితే, ఆమె ఎక్స్‌రేలో ముప్పై ఏళ్ల నాటి మచ్చ కనబడిందనుకుందాం. వరసగా మూడు రోజులు కళ్లె ఇవ్వాలి. కల్చర్‌లో క్రిములు పెరుగుతాయో లేదో తేలడానికి ఎనిమిది వారాల దాకా పడుతుంది. అసలు ఎప్పుడో మానిపోయిన ఊపిరితిత్తిలో కళ్లె ఎక్కడిది? పొద్దున్నే పరగడుపున వచ్చి కూర్చున్న పెద్దావిడకు ఉప్పునీటి ఆవిరి పట్టించి, డబ్బా చేతికిచ్చి, దగ్గమంటారు.