నిజిన్‌స్కీ చెల్లెలు

బాలే చరిత్రలో బ్రోనిస్లావా నిజిన్‌స్కాని చాలాకాలం ఒక బంధుత్వంతోనే గుర్తుపెట్టుకున్నారు: మహానర్తకుడు వాస్లావ్ నిజిన్‌స్కీ చెల్లెలు. అన్న పేరు వెనక చెల్లెలి శ్రమ ఎలా కనబడకుండా పోతుందో అర్థం చేసుకోవడానికి ఆమె జీవితాన్ని మించిన ఉదాహరణ అరుదు.

ఆమె 1891లో, అప్పటి రష్యా సామ్రాజ్యంలోని మిన్‌స్క్‌లో పుట్టింది. తల్లిదండ్రులిద్దరూ ఊరూరూ తిరిగి ప్రదర్శనలిచ్చే పోలిష్ నర్తకులు. తండ్రి కుటుంబాన్ని వదిలి వెళ్లిపోతే ముగ్గురు పిల్లల్నీ తల్లి ఎలియొనోరా ఒంటరిగా పెంచింది. పీటర్స్‌బర్గ్ రాజాస్థాన నాట్య పాఠశాలలో చదివి, 1908లో మారిన్‌స్కీ థియేటర్‌లో చేరింది బ్రోనిస్లావా. 1911లో అక్కడ అన్నని ఉద్యోగంలోంచి తీసేస్తే, నిరసనగా తనూ రాజీనామా చేసి డయాగిలేవ్ నడిపే 'బాలే రూస్' బృందంలోకి వెళ్లింది.

వాస్లావ్ తొలి నృత్యరచనలు రూపుదిద్దుకున్నది ఆమె శరీరం మీదే. 'ఫాన్' కదలికల్ని ఇంట్లో రహస్యంగా ముందు ఆమెతోనే ప్రయత్నించి చూశాడు. 'వసంత క్రతువు'లో బలికి ఎంపికైన కన్య నృత్యాన్ని ఆమె కోసమే కూర్చాడు. ఇంతలో ఆమె గర్భవతి అని తెలిసింది. అన్నకి కోపం వచ్చింది. 1913లో ఆ పాత్ర మరియా పిల్ట్స్‌కి దక్కింది. మాతృత్వమూ కళా ఒకే శరీరాన్ని అడిగినప్పుడు ఏర్పడే సంఘర్షణ మనకి కొత్తది కాదు. ఇక్కడ ఆ శరీరం తనదే అయినా, కోపగించుకునే హక్కు అన్నదైంది.

విప్లవం తర్వాత 1919లో కీవ్‌లో సొంత నృత్య పాఠశాల పెట్టింది. 1921లో ముసలి తల్లినీ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని దేశం దాటింది. అప్పటికే వాస్లావ్ మానసిక వ్యాధితో వేదికకి దూరమయ్యాడు.

1923 జూన్‌లో పారిస్‌లో ఆమె 'లె నోస్' (పెళ్లి) ప్రదర్శించింది. సంగీతం స్ట్రావిన్‌స్కీది. గొంచరోవా మొదట రంగురంగుల జానపద దుస్తులు గీస్తే బ్రోనిస్లావా ఒప్పుకోలేదు. డయాగిలేవ్‌తో విభేదించింది, చివరికి తన మాటే నెగ్గించుకుంది. వేదిక మీద మిగిలినవి గోధుమ, తెలుపు రంగులే. పెద్దలు కుదిర్చిన ఆ పెళ్లిలో వధూవరులు దాదాపు నాట్యం చెయ్యరు. పెళ్లికూతురి పొడవాటి జడల్ని చెలికత్తెలు పట్టుకుని ఉంటారు. మొహాల్లో నవ్వుండదు. పెళ్లి ఒక ఉత్సవం కాదు, ఊరంతా కలిసి ఒక అమ్మాయి మీద అమలు చేసే నిర్ణయం అని ఆ గుంపుల అమరికే చెబుతుంది. 'వసంత క్రతువు'లో కన్యని బలిచ్చే తంతు అన్నది. బలిని పెళ్లిపీటల మీదే చూపించగలిగిన చూపు చెల్లెలిది.

ఆమె మగవాడై పుట్టి ఉంటే ఎంత గొప్ప నృత్యకర్త అయ్యేదోనని డయాగిలేవ్ అన్నాడంటారు. ఆమె మాత్రం 1924లో 'లె బిష్' కూర్చి, అందులో ముత్యాల హారాలతో, పొడవాటి సిగరెట్ గొట్టంతో గృహిణి పాత్ర తనే వేసింది. 1934లో హామ్లెట్‌గా తనే నర్తించింది. మరుసటి ఏడాది కారు ప్రమాదంలో కొడుకు చనిపోయాడు. తర్వాత అమెరికా చేరి, లాస్ ఏంజెలెస్‌లో పాఠాలు చెప్పింది.

ఒకప్పుడు ఆమె దగ్గర పనిచేసిన ఫ్రెడరిక్ ఆష్టన్ 1964లో 'లె బిష్'నీ, 1966లో 'లె నోస్'నీ లండన్ రాయల్ బాలేలో ఆమె చేతే మళ్లీ వేయించాడు. 1972లో ఆమె చనిపోయింది. 1981లో వెలువడిన ఆమె జ్ఞాపకాలు 1914 దగ్గరే ఆగిపోతాయి. వాటినిండా అన్నే ఉంటాడు. సృజనకారిణిగా ఆమెకి సమగ్ర జీవితచరిత్ర రావడానికి 2022 దాకా పట్టింది. అది రాసింది లిన్ గరఫోలా, ఒక స్త్రీ. మన చరిత్రలు మనమే రాసుకోవాలనడం ఒట్టి నినాదం కాదు.