పడని ఆహారము

విందులో ఒకరు విస్తరిమీద చేయి అడ్డముంచి “నాకు వంకాయ పడదు” అనుట మనమందరము ఎఱిగినదే. ఆ “పడదు” అను చిన్న మాటలో వైద్యశాస్త్రము ఇరువదవ శతాబ్దమునందు గాని పేరు పెట్టలేకపోయిన విషయము కలదు. ఐనను ఆ మాట పలికినవానికి లభించు గౌరవము మిక్కిలి స్వల్పము. వడ్డించువారు “ఒక్క ముక్కకేమగును?” అందురు, పిల్లవాడైనచో పెద్దలు గారాబమందురు. పడదనువాని మాటకు సాక్ష్యము దొరకుటకు ఎన్నో శతాబ్దములు పట్టినది.

ప్రాచీనులు ఈ విషయమును గమనింపకపోలేదు. హిప్పోక్రటీసు పేర వెలసిన గ్రీకు వైద్యగ్రంథములలో జున్నుగడ్డను గూర్చి ఒక చక్కని వాదము కలదు. దానిని కడుపునిండ తిని బలపడువారు కొందరు, తిని బాధపడువారు కొందరు. దోషము జున్నునందే యున్నచో అందరును బాధపడవలెను గదా యని ఆ గ్రంథకర్త తర్కించెను. మన చరకసంహితయందు సాత్మ్యము, అసాత్మ్యము అను విభాగము కలదు: ఒకని దేహమునకు అలవడి హితమగునది సాత్మ్యము, కానిది అసాత్మ్యము. అసాత్మ్యమే నేటి అలర్జీ యని కొందరు ఉత్సాహముతో చెప్పుచుందురు గాని అది నిలువదు. అజీర్ణమును, అలవాటు తప్పుటయు సైతము అందులో చేరును. తిను వస్తువునకే గాక తినువానికిని ఇందు పాలున్నదని వారు గ్రహించిరి. అంతవఱకు సత్యము.

1901వ సంవత్సరమున మొనాకో ప్రభువు మొదటి ఆల్బర్ట్ తన నౌకలో సముద్రయానము చేయుచు షార్ల్ రిషే, పాల్ పోర్టియే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులను వెంట గొనిపోయెను. ఈతకాండ్రను కుట్టి బాధించు ఫైసేలియా యను సముద్రజీవి విషమును పరిశీలించుట వారి పని. ఇల్లు చేరిన పిదప వారు ఆక్టీనియా యను మరియొక సముద్రజీవి విషముతో కుక్కలపై ప్రయోగములు సాగించిరి. విషమును కొద్దికొద్దిగా ఎక్కించినచో దేహము దానికి అలవడి గట్టిపడునని ఆనాటి నమ్మకము. నెప్ట్యూన్ అను కుక్క మొదటి మోతాదును తట్టుకొనెను. మూడు వారములు దాటిన పిమ్మట, పూర్ణారోగ్యముతో నున్న దానికే మరల అంతే మోతాదు ఇచ్చిరి. కొన్ని క్షణములలో అది రొప్పుచు కూలబడి, రక్తము కక్కి, 25 నిమిషములలో మరణించెను. దేహము అలవడుటకు మారుగా పగబట్టినది! రిషే దీనికి 1902లో “అనఫిలాక్సిస్” అని పేరిడెను. రక్షణకు విరుద్ధమని దాని భావము. 1913లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

వియన్నాలోని పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే మరియొక దారిన అచ్చటికే చేరెను. చికిత్సకై గుఱ్ఱపు సీరము ఎక్కించిన బిడ్డలలో కొందరికి జ్వరము, దద్దుర్లు, కీళ్లనొప్పులు కలుగుట ఆయనయు బేలా షిక్‌యు చూచిరి. కాపాడు శక్తియు, బాధించు శక్తియు ఒకే మూలమునుండి పుట్టునని పిర్కే అభిప్రాయము. “వేఱు”, “క్రియ” అను అర్థములుగల గ్రీకు పదములను కూర్చి 1906లో ఆయన చేసిన పేరే “అలర్జీ”.

పేరు దొరకినది, సాక్ష్యము దొరకలేదు. అది చివరకు ఒక వైద్యుని పొట్టచర్మముపై దొరకెను. 1921 నాటి మాట. అప్పుడు జర్మనీలోను నేడు పోలండులోను ఉన్న బ్రెస్లావు నగరమున హైంజ్ క్యూస్ట్నర్ అను వైద్యునకు ఉడికించిన చేప పడదు. తినిన కొంతసేపటికే దురద, ఒడలంతట దద్దుర్లు, దగ్గు, వాంతులు. ఆయన సహచరుడు కార్ల్ ప్రౌస్నిట్స్‌కు చేపవలన ఏ బాధయు లేదు. ప్రౌస్నిట్స్ తన మిత్రుని రక్తమునుండి తీసిన సీరమును రవంత తన పొట్టచర్మములోనికి ఎక్కించుకొనెను. మఱునాడు అదేచోట చేపరసమును సూదితో ఎక్కించుకొనగా కొద్ది నిమిషములలో అచ్చట ఎఱ్ఱని దద్దురు లేచెను. సీరము సోకని చర్మమునకు ఏమియు కాలేదు. పడకపోవుట మనసులోని పెంకితనమైనచో అది సూదిమొనతో ఒకరినుండి మరియొకరికి ప్రయాణము చేయునా?

ఆ సీరములోనిది ఏమియో తేల్చుటకు 45 సంవత్సరములు పట్టెను. అది రక్తములో అత్యల్పముగ నుండుటయే ఆలస్యమునకు కారణము. 1966లో అమెరికాలోని డెన్వరున ఇషిజాకా దంపతులును, 1967లో స్వీడనులోని ఉప్సాలాయందు యోహాన్సన్, బెన్నిక్ అనువారును దానిని వేర్వేరుగ పట్టిరి. మఱుసటి యేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి “ఇమ్యునోగ్లోబులిన్ ఇ” అని పేరు స్థిరపరచెను. చర్మమునందును, పేగులయందును ఉన్న కొన్ని కణములను ఇది అంటిపెట్టుకొని యుండును. పడని పదార్థము తగిలినంతనే ఆ కణములు హిస్టమిన్ మొదలగువానిని విడుచును. గొంతు వాచి, రక్తపు పోటు పడిపోవునట్టి తీవ్రస్థితిలో మొదటి మందు అడ్రినలిన్ సూదియే. తక్కినవి దాని తరువాత. పాలు పడవనువారిలో పెక్కుమంది కథ వేఱు. వారికి పాలలోని చక్కెరను జీర్ణింపజేయు లాక్టేజు చాలదు. అది అలర్జీ కాదు, ప్రాణభయము లేదు.

రసాయనములు పడవనువారి కథ ఇంత చక్కగ ముగియలేదు. చికాగో వైద్యుడు థెరన్ రాండాల్ఫ్ యొద్దకు వచ్చిన రోగులలో కొందరు వంటగ్యాసు, కిరసనాయిలు, క్రొత్త రంగు, అత్తరుల వాసనకే తలనొప్పి, అలసట, ఊపిరాడకపోవుట కలుగుచున్నవని మొఱపెట్టుకొనిరి. ఆయన వారిని నమ్మి 1962లో గ్రంథము వ్రాసెను. తోడి వైద్యులు పెక్కురు ఆయనను నమ్మలేదు. ఆ మార్గమువారు ఆహారదోషములను పట్టుటకు వాడిన సూదిపరీక్షను 1990లో ప్రకటితమైన ఒక పరిశోధనలో 18 మంది రోగులపై, ఏ సూదిలో ఏమున్నదో ఎవరికిని తెలియనీయక జరిపిచూచిరి. అనుమానించిన పదార్థమునకు నూటికి 27 పర్యాయములు, ఉత్త ఉప్పునీటికి 24 పర్యాయములు బాధ కలిగెను. వాసనలపై జరిపిన పరీక్షలును పిమ్మట ఇంచుమించు అట్లే తేలినవి. కావున ఇది పిర్కే చెప్పిన అలర్జీ కాదు. 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పక్షమున జరిగిన ఒక సమావేశము, కారణమును ఊహింపని వేఱొక పేరును సూచించెను. కారణము నిరూపింపబడలేదనుట వేఱు, రోగి బొంకుచున్నాడనుట వేఱు. ఉద్యోగము విడిచి, చుట్టముల యిండ్లకు పోవుట మాని, గదిలో మూలకు చేరిన మనుష్యుని బాధ నిజమే. చేపతినని క్యూస్ట్నరు వంటివారిని పూర్వులు ఎగతాళి చేసినట్లు నేడు వీరిని చేయుట నాకు న్యాయముగ తోచదు.

వైద్యులును పొరపడిరి. 2000లో అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘము, అలర్జీ భయముగల కుటుంబములలో బిడ్డకు మూడేండ్లు నిండువఱకు వేరుసెనగ పెట్టవలదని హితవు చెప్పి 2008లో దానిని విడిచెను. ఆ యేడే ఒక పరిశీలనలో, పసితనమున వేరుసెనగ తినని బ్రిటిషు యూదు బాలలలో ఆ అలర్జీ, చిన్నప్పుడే దానిని తిను ఇజ్రాయెలు బాలలలోకంటె పదింతలున్నదని తేలెను. 2015లో లండనునుండి వెలువడిన పరీక్షలో 640 మంది శిశువులలో సగముమందికి వేరుసెనగ పెట్టుచు, సగముమందికి మాన్పించిరి. ఐదేండ్లు నిండునప్పటికి మాన్పించినవారిలో నూటికి 17 మందికి, తినినవారిలో నూటికి ముగ్గురికి అలర్జీ కనబడెను. ఐతే ఇది రాకుండ చేయు ఉపాయము మాత్రమే. ఇదివఱకే పడని బిడ్డపై ఇంటిలో ప్రయోగింపరాదు.

మన దేశమున 2020 నాటి ఆహార లేబులు నిబంధనల ప్రకారము పాలు, గ్రుడ్లు, చేపలు, రొయ్యలు, వేరుసెనగ, సోయా, గోధుమ మొదలగునవి పొట్లములోని సరకులో ఉన్నచో పొట్లముపై ప్రత్యేకముగ ప్రకటింపవలెను. పెండ్లివిందులో వడ్డించు పచ్చడికి లేబులుండదు. అందు వేరుసెనగపప్పు నూఱిరా లేదా యని వంటవానిని అడుగవలసినదే. అడిగినవారిని చూచి ప్రక్క విస్తరివారు నవ్వకుందురు గాక.