సీలు వేసిన సర్వీసు ఫ్యూజు: ఎలక్ట్రీషియన్ తీయవచ్చునా?

స్తంభం నుండి ఇంటికి వచ్చే సర్వీసు వైరు నేరుగా దీపాలకు, ఫ్యాన్లకు చేరదు. చాలా ఇండ్లలో ముందుగా కటౌట్‌లోని ఫ్యూజు, తరువాత మీటరు, ఆపైన ఇంటి మెయిన్ స్విచ్ ఉంటాయి. మీటరుకు ముందున్న ఫ్యూజు పెట్టెకు, మీటరుకు విద్యుత్ సంస్థవారు సీలు వేస్తారు. మెయిన్ స్విచ్ కాలిపోయినప్పుడు, మీటరు నుండి వచ్చే వైరు మార్చవలసినప్పుడు ఎలక్ట్రీషియన్ ఆ సీలును తెంచి ఫ్యూజు ఊడదీయడం పల్లెలలో పరిపాటి అయింది. అది ఎంతవరకు సమంజసం?

చట్టం చెప్పేది

1956 నాటి భారత విద్యుత్ నియమాలలోని 56వ నియమం కటౌట్లకు, మీటర్లకు సీలు వేసే అధికారాన్ని సరఫరాదారునికి ఇచ్చింది. ఆ సీలును సరఫరాదారుడు తప్ప మరెవ్వరూ తెంచరాదని, అది తెగకుండా చూడవలసిన బాధ్యత వినియోగదారునిదేనని పేర్కొన్నది. ఆ నియమాల స్థానంలో కొత్త నిబంధనలు వచ్చినా మూలసూత్రం మారలేదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2006లో వెలువరించిన మీటర్ల నిబంధనల ప్రకారం వినియోగదారుని మీటరు సీలును సంస్థ మాత్రమే తొలగించాలి. 2003 నాటి విద్యుత్ చట్టంలోని 135వ సెక్షన్ దురుద్దేశంతో మీటరును తారుమారు చేయడాన్ని విద్యుత్ చౌర్యంగా పరిగణిస్తుంది. దానికి మూడేండ్ల వరకు జైలు శిక్ష పడవచ్చును.

ఎలక్ట్రీషియన్‌కు లైసెన్సు ఉన్నంత మాత్రాన ఈ అధికారం సంక్రమించదు. ఆ లైసెన్సు ఇంటి వైరింగు పనికి సంబంధించినది. సీలు వెనుక ఉన్న భాగం సరఫరా సంస్థ అధీనంలోనిది. పైగా తెగిన సీలు తనిఖీలో బయటపడినప్పుడు సంజాయిషీ చెప్పుకోవలసినవాడు ఇంటి యజమాని. పనిచేసిన వ్యక్తి అప్పటికి అక్కడ ఉండడు.

ప్రమాదం ఎక్కడ?

మెయిన్ స్విచ్ ఆపివేసినా ఫ్యూజు పైకొనలో 230 వోల్టుల కరెంటు ఉంటూనే ఉంటుంది. ఇంటిలోపలి ఏ స్విచ్చూ దానిని ఆపలేదు. దానికి ముందున్న రక్షణ ట్రాన్స్‌ఫార్మర్ వద్ద ఉండే ఫ్యూజు మాత్రమే. అది అనేక ఇండ్ల లోడుకు సరిపోయేది గనుక ఒక మనిషికి షాకు తగిలినంత మాత్రాన కాలిపోదు. లోడు ఉండగా ఫ్యూజును లాగితే మెరుపువంటి మంట లేచి చేతులు, కండ్లు గాయపడవచ్చును. పాతబడిన పింగాణీ ఫ్యూజు చేతిలోనే విరగవచ్చును. ఇన్వర్టరు గాని, జనరేటరు గాని ఉన్న ఇంట ఫ్యూజు తీసిన తరువాత కూడ వైర్లలో కరెంటు ఉండవచ్చునన్న సంగతి మరువరాదు.

కాలిన ఫ్యూజు తీగ స్థానంలో లావుపాటి రాగి తీగ చుట్టడం మరింత అపాయకరం. ఫ్యూజు కరగవలసిన వేళ కరగకపోతే వైర్లు వేడెక్కి ఇల్లే అంటుకొనవచ్చును. ఇక ట్రాన్స్‌ఫార్మర్ వద్దకు వెళ్లి స్వయంగా ఫ్యూజు వేయబూనడం ప్రాణాలతో చెలగాటమే.

ఎలక్ట్రీషియన్ ఇబ్బంది

ఇందులో ఎలక్ట్రీషియన్ల వాదన కూడ ఆలకించదగినదే. లైన్‌మన్ కోసం రెండు మూడు రోజులు నిరీక్షించవలసి వస్తే ఇంటివారు చీకటిలో ఉండలేరు. కరెంటు ఉన్న వైరుపై పనిచేయడం కంటె ఫ్యూజు తీసి పనిచేయడమే క్షేమమని వారనేది అసత్యం కాదు. అయితే ఆ ఫ్యూజు తీసే క్షణమే అత్యంత ప్రమాదకరమైనది. కాబట్టి జాప్యానికి మందు సీలు తెంచడం కాదు, ముందుచూపు.

చేయదగినవి

• మీటరు తరువాత ఫేజును, న్యూట్రల్‌ను రెండింటినీ విడదీసే డబుల్ పోల్ స్విచ్ ఒకటి పెట్టించుకోవాలి. ఆపైన ఇంటి వైరింగు పనులకు సీలు జోలికి పోనవసరం ఉండదు.

• ఆ స్విచ్ పెట్టే రోజున, మెయిన్ స్విచ్ మార్చే రోజున సరఫరా నిలిపివేయమని సెక్షన్ ఆఫీసులో ముందుగా దరఖాస్తు ఇవ్వాలి. పని ముగిసిన తరువాత తిరిగి సీలు వేయించుకోవాలి.

• సీలు ముందే తెగి ఉన్నట్లు గమనిస్తే తనిఖీ వచ్చేవరకు ఆగక వ్రాతపూర్వకంగా తెలిపి, అందినట్లు రసీదు పొందాలి.

• మీటరు వద్ద కాలిన వాసన, నిప్పురవ్వలు కనబడితే, దగ్గరకు వెళ్లడం క్షేమమైనప్పుడే మెయిన్ స్విచ్ ఆపి, దూరంగా ఉండి, వెంటనే విద్యుత్ సంస్థకు తెలపాలి. నీరు చల్లరాదు.

సరిహద్దు గ్రామాలవారికి

కోలారు, బళ్లారి, హోసూరు, రాయగడ, సిరోంచ, యానాం ప్రాంతాల తెలుగు కుటుంబాలు పనివారిని తరచు ఎల్లదాటి ఉన్న ఊళ్లనుండి పిలిపించుకుంటారు. పనివాడు తెలుగువాడైనా సీలు మాత్రం ఆ ఇల్లున్న రాష్ట్రపు లేక కేంద్రపాలిత ప్రాంతపు సంస్థది. అతని లైసెన్సును ఆ ప్రభుత్వం జారీ చేసినదో, గుర్తించినదో ముందుగా విచారించాలి. అనేక రాష్ట్రాలలో విద్యుత్ ఫిర్యాదులకు 1912 నంబరు ఉన్నది. అయినా బిల్లు మీద ఉన్న సంస్థ పేరు, సర్వీసు నంబరు, స్థానిక ఆఫీసు ఫోను నంబరు ఒక కాగితంపై వ్రాసి మీటరు దగ్గర అంటించుకోవడం మేలు. చీకటిలో వెదుకులాట తప్పుతుంది. కటకట పడి సీలు మీద చేయివేయవలసిన అగత్యమూ తప్పుతుంది.