లింకన్ బొమ్మ చెక్కిన చేతులు

1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగింది. అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు రావడం ఆగిపోయేసరికి మన దేశపు పత్తికి గిరాకీ పెరిగింది. నూలు ధర ఎక్కి మన మగ్గాలవాళ్ళు నలిగిపోయారు. అప్పుడు అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్. ఆయన ఎన్నికల్లో నిలబడినప్పుడు ముఖం జనానికి ఎట్లా చేరిందో చెప్తాను. అది కూడా చేతిపని కథే.

1860 ఫిబ్రవరి 27న లింకన్ ఉపన్యాసం ఇవ్వడానికి న్యూయార్క్ వచ్చారు. ఆ రోజే మాథ్యూ బ్రాడీ స్టూడియోలో ఫొటో తీయించుకున్నారు. మెడ పొడుగ్గా కనపడకుండా బ్రాడీ కాలరు పైకి లాగాడు. మే నెలలో పార్టీ ఆయన్ని అభ్యర్థిగా నిలబెట్టింది. మే 26 నాటి హార్పర్స్ వీక్లీ మొదటి పేజీలో ఆ ఫొటో చూసి చెక్కిన బొమ్మ పడింది. పేరు మాత్రం అబ్రామ్ అని అచ్చయింది!

చెక్కడం ఎందుకంటారా? ఫొటోని అక్షరాలతో కలిపి అచ్చువేసే పద్ధతి అప్పటికి వాడుకలోకి రాలేదు. బాక్స్‌వుడ్ అనే గట్టి చెక్క మీద బొమ్మని కుడిఎడమలు మార్చి గీసేవాళ్ళు. తెల్లగా ఉండాల్సిన చోటంతా సన్నని ఉలితో తీసేసేవాళ్ళు. ఆ చెట్టు మాను సన్నం. అందుకని పెద్ద బొమ్మకి చిన్న దిమ్మలు కొన్ని బోల్టులతో బిగించేవాళ్ళు. తొందర పనైతే వాటిని విడదీసి తలా ఒకటి చెక్కి, మళ్ళీ బిగించి, అతుకు దగ్గర గీతకి గీత కలిపేవాళ్ళు. కొత్త పడుగుని పాత పడుగుకి పోగు పోగుగా అతికినట్టే.

అచ్చుబొమ్మల బలం చిన్నది కాదు. ఆ అక్టోబరులో గ్రేస్ బెడెల్ అనే 11 ఏళ్ళ పాప, నాన్న తెచ్చిన లింకన్ బొమ్మ చూసింది. మీ ముఖం సన్నం, గడ్డం పెంచితే బాగుంటారని ఆయనకే ఉత్తరం రాసింది. నవంబరు 6న గెలిచాక లింకన్ నిజంగానే గడ్డం పెంచారు.

నవంబరు 10న అదే పత్రిక మళ్ళీ లింకన్ బొమ్మ వేసింది. కింద ఫొటో తీసింది బ్రాడీ అని ఉంది. దిమ్మ చెక్కినవాళ్ళ పేర్లు అక్కడ లేవు.

మన చీరల సంగతీ ఇంతే. కొట్టు పేరు ఉంటుంది, నేసినవాళ్ళ పేరుండదు. మన సంఘాలన్నిటికీ నా మనవి ఒకటే. ఇకమీదట చీర ఫొటో వేస్తే డిజైను గీసినవారి, అట్టలు కొట్టినవారి, నేసినవారి పేర్లు కింద వేయండి. అందుకు రెండు లైన్లు చాలు.