నాలుగవ సంఖ్య: పారదర్శక చిత్రాల చరిత్ర

కంప్యూటరులో ఒక పత్రాన్ని తీసివేయబోతే "నిజముగా తీసివేయవలెనా?" అని అడిగే చిన్న కిటికీ ఒకటి తెరపై తెరుచుకొంటుంది. దీనిని డైలాగు కిటికీ అంటారు. ఆ ప్రశ్న పక్కన గుండ్రని గుర్తు ఒకటి కనిపిస్తుంది. గుర్తు గుండ్రనిదే గాని, దానిని దాచిన చిత్రం మాత్రం చతురస్రం. ఎందుకంటే కంప్యూటరు చిత్రమంటే అడ్డు వరుసలు, నిలువు వరుసలుగా పేర్చిన చుక్కల సముదాయం. ఈ చుక్కలనే పిక్సెళ్లు అంటారు. మరి ఆ చతురస్రపు నాలుగు మూలలు ఏమైనవి? అవి కనబడకుండా, వాటి స్థానంలో కిటికీ రంగే కనబడేటట్లు చేయాలి. ఇది చాలా తేలిక పని అని తోస్తుంది. కాని విండోస్ చిహ్నాలలో ఇది సక్రమంగా జరగడానికి 2001 వరకు ఆగవలసి వచ్చినది. అందుకు కావలసిన సూత్రం మాత్రం 1977 నాటికే సిద్ధంగా ఉన్నది.

సినిమా చూపిన దారి

ఒక బొమ్మను మరొక బొమ్మపై అతికే సమస్య మొదట సినిమావారిది. అమెరికా ఛాయాగ్రాహకుడు ఫ్రాంక్ విలియమ్స్ 1918లో ఒక పద్ధతికి పేటెంటు పొందినాడు. నటుని నల్లని తెర ముందు నిలిపి చిత్రం తీస్తారు. ఆ ఫిల్ము నుండి నటుని ఆకారం మాత్రమే తెలిపే నీడ ఫిల్మును తయారు చేస్తారు. వెనుక దృశ్యాన్ని ముద్రించేటప్పుడు ఈ నీడ అడ్డు నిలిచి, ఆ మేరకు వెలుతురు తగలకుండా కాపాడుతుంది. అలా మిగిలిన ఖాళీలో నటుని బొమ్మను ముద్రిస్తారు. ఈ నీడ ఫిల్మునే మాట్ అంటారు. ఇందులోని ముఖ్యమైన భావం ఇది: బొమ్మ రంగులు ఒకచోట ఉంటే, "బొమ్మ ఎక్కడ ఉన్నది" అనే సమాచారం వేరొకచోట ఉండవలెను.

నాలుగవ సంఖ్య పుట్టుక

1977లో న్యూయార్కు సాంకేతిక సంస్థలో ఎడ్ కాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కంప్యూటరుతో చిత్రాలు గీసే పద్ధతులను పరిశోధిస్తూ ఉన్నారు. ప్రతి చుక్క రంగునూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు సంఖ్యలు తెలుపుతాయి. ఒక్కొక్క సంఖ్య 0 నుండి 255 వరకు ఉండవచ్చు. వస్తువు ఒకటే అయినా, వెనుక దృశ్యం మారినప్పుడల్లా చిత్రాన్ని మొదటి నుండి లెక్కకట్టవలసి వచ్చేది. అందుచేత ప్రతి చుక్కకు మూడు రంగులతోపాటు నాలుగవ సంఖ్యను కూడా దాచవచ్చునని వారు భావించినారు. వస్తువు ఆ చుక్కను ఎంత మేరకు కప్పుతున్నదో ఈ సంఖ్య చెప్పుతుంది. పూర్తిగా కప్పితే 1, అసలు కప్పకపోతే 0, సగం కప్పితే 0.5. అప్పుడు చుక్క రంగును ఇలా లెక్కించవచ్చు:

ఫలితం = ఆల్ఫా × ముందు రంగు + (1 − ఆల్ఫా) × వెనుక రంగు

ఈ సూత్రంలోని గ్రీకు అక్షరమే ఆ సంఖ్యకు పేరైనది. 1984లో లూకాస్‌ఫిల్ము సంస్థలోని టామ్ పోర్టర్, టామ్ డఫ్ దీనిని క్రమబద్ధమైన బీజగణితంగా తీర్చి ప్రకటించినారు. ముందు రంగును ఆల్ఫాతో ముందుగానే గుణించి దాచుకొంటే లెక్క తగ్గుతుందని కూడా వారు చూపినారు. ఈ నలుగురికీ 1996లో అమెరికా చలనచిత్ర అకాడమీ సాంకేతిక పురస్కారం లభించినది.

బల్లపై కంప్యూటరులో

1985లో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్‌ను విడుదల చేసినది. అందులోని చిహ్నాలకు రెండు పలకలు ఉండేవి. మొదటి పలకలో చుక్కకు ఒకే బిట్టు. 1 ఉన్నచోట వెనుక రంగు నిలుస్తుంది. 0 ఉన్నచోట నల్లబడుతుంది. ఆ నల్లని ఖాళీలో రెండవ పలక రంగులు నింపుతుంది. ఇది విలియమ్స్ పద్ధతియే! అయితే ఈ మాట్‌కు "ఉన్నది", "లేదు" అనే రెండే మాటలు తెలుసు. "సగం" అనే మాట తెలియదు.

ఇందుకు కారణం పొదుపు. 32 అడ్డు, 32 నిలువు చుక్కల చిహ్నానికి 16 రంగులైతే 512 బైట్లు, మాట్‌కు 128 బైట్లు, మొత్తం 640 బైట్లు చాలును. చుక్కకు నాలుగు పూర్తి సంఖ్యలు దాచితే 4,096 బైట్లు కావలెను. యంత్రపు ప్రధాన మెమరీయే 640 కిలోబైట్లకు మించని రోజులవి.

మాట్ లేని సాధారణ చిత్రాలకు ప్రోగ్రాము రచయితలు మరొక ఉపాయం పన్నినారు. ఎవరూ వాడని ముదురు గులాబీ రంగును, అనగా 255, 0, 255 అనే రంగును, "ఖాళీ"కి గుర్తుగా పెట్టుకొన్నారు. ఆ రంగు ఉన్న చుక్కలను గీయకుండా వదిలివేస్తే చాలును. 1989లో సవరించిన జిఫ్ చిత్రపద్ధతి కూడా ఒక రంగును ఇలాగే పారదర్శకంగా గుర్తించినది.

చిక్కు అంచుల దగ్గర వచ్చినది. నల్లని వృత్తపు అంచు నునుపుగా కనబడాలంటే అంచు చుక్క సగం నలుపు, సగం వెనుక రంగు కావలెను. గులాబీపై గీస్తే ఆ చుక్క 128, 0, 128 అవుతుంది. ఇది గుర్తు రంగు కాదు గనుక తొలగిపోదు. బొమ్మ చుట్టూ గులాబీ గీత మిగులుతుంది. తెలుపుపై గీస్తే అంచు చుక్క 128. కాని విండోస్ 95 డైలాగు కిటికీ బూడిదరంగు 192. దానిపై అంచు 96 ఉండవలెను. కనుక తెల్లని గీత కనబడుతుంది. పోనీ, ముందే 192 రంగుపై గీసి ఉంచుదామా? విండోస్ 2000లో కిటికీ రంగు 212, 208, 200గా మారినది. నిన్నటి వరకు కలిసిపోయిన బొమ్మ చుట్టూ బూడిద చతురస్రం బయటపడినది. పైగా ఆ రంగును వాడుకరి తన ఇష్టం వచ్చినట్లు మార్చుకోవచ్చు. వెనుక ఏ రంగు ఉంటుందో చిత్రకారునికి ముందుగా తెలియదు. ఇక్కడనే ఉపాయాలన్నీ విఫలమైనవి.

ఆల్ఫా తిరిగి రాక

జిఫ్ పద్ధతిలోని కుదింపు సూత్రంపై పేటెంటు రుసుము చెల్లించవలెనని 1994 చివర ప్రకటన వెలువడగా, 1995లో కొందరు ప్రోగ్రాము రచయితలు కలిసి పీఎన్‌జీ అనే కొత్త పద్ధతిని రూపొందించినారు. 1996లో ఆమోదం పొందిన ఈ పద్ధతిలో ప్రతి చుక్కకు సంపూర్ణమైన ఆల్ఫాకు చోటున్నది. అయితే ఫైలులో ఆల్ఫా ఉన్నంతమాత్రాన సరిపోదు. గీసే ప్రోగ్రాము దానిని గౌరవించవలెను. విండోస్ 98, 2000లలో ఆల్ఫాతో కలిపి గీసే ప్రక్రియ వచ్చినది. అది పోర్టర్, డఫ్ చెప్పినట్లు ముందుగానే గుణించిన రంగులను కోరుతుంది. పీఎన్‌జీ గుణించని రంగులను దాచుతుంది. గుణించడం మరచినవారి బొమ్మల అంచులు అతిగా మెరిసిపోయినవి. 2001లో విండోస్ ఎక్స్‌పీ చిహ్నాలకు ఆల్ఫా లభించినది. అదే సంవత్సరం వెలువడిన మాక్ ఓఎస్ టెన్ తెర మొత్తాన్ని ఆల్ఫాతో కూర్చినది.

ఖాళీని ఒక రంగుగా చూపబోయినంత కాలం ఏదో ఒక అంచున తప్పు బయటపడుతూనే వచ్చినది. దానికంటూ ఒక సంఖ్యను కేటాయించిన తరువాత ఏ కిటికీలోనైనా, ఏ రంగుపైనైనా ఒకే చిత్రం సరిపోయినది. విద్యార్థులు ఏదైనా చిహ్నాన్ని తెరపై బాగా పెద్దది చేసి దాని అంచును పరిశీలిస్తే, ముందు రంగుకు, వెనుక రంగుకు నడుమనున్న చుక్కలు కనబడతాయి. ఒక్కొక్క చుక్క ఆల్ఫా ఎంతో పై సూత్రంతో వారే లెక్కకట్టవచ్చు.